ఎవరి నిర్లక్ష్యం, ఎలీషా గారూ?

మీరు ఎలీషా గారిని కలిసి తీరాలి. ఒక్కటే జాగ్రత్త: ఆయన ముందు తూలకండి, కాలు జారకండి. ఎవరికి ఏ చిన్న దెబ్బ తగిలినా ఈ బెజవాడ లాయరు గారు దూదీ అయొడినూ అడగరు. "ఎవరి నిర్లక్ష్యం?" అని అడుగుతారు.

పులుసు వేడికి నాలుక కాలితే భార్య రూతు గారిని అడిగారు. చర్చిలో మెట్టు తట్టుకుని పాస్టరు గారు బోర్లా పడితే, పైకి లేపకముందే అడిగారు. చుట్టాల పెళ్ళిలో పెళ్ళికొడుకు వేలు తలుపులో నలిగిందా, ఇంక చూస్కోండి. తలుపు ఎవరు వేశారు, చూసి వేశారా, చూడకుండా వేశారా అని ఆయన విచారణ సాగిస్తూనే ఉంటే, కొట్టుకోడానికి లేచిన రెండువైపులవాళ్ళూ ఆకలికి తాళలేక బంతికి కూర్చున్నారు. అప్పట్నుంచి పెళ్ళి పిలుపులన్నీ రూతు గారికే.

మేనకోడలు దీవెనకి ఈ పిచ్చి చిన్నప్పట్నుంచీ నవ్వులాటే. మొన్న మంగళవారం దాకా.

దీవెన ఓ చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. ఆ పొద్దున చల్లపల్లి మాణిక్యమ్మ గారికి పిత్తాశయంలో రాళ్ళు తీసే ఆపరేషన్. మత్తు ఇస్తుండగానే ఆవిడ వాంతి చేసుకున్నారు. అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఆపరేషన్ ఆపేసి, గొంతులో గొట్టం వేసి ఐసీయూలో పెట్టారు.

"కడుపు ఖాళీగా ఉందో లేదో కనుక్కోవాల్సింది నువ్వే కదా? సంగతి తేలేదాకా డ్యూటీకి రావద్దు" అన్నాడు మేనేజరు.

దీవెన పొద్దుటి మాటలన్నీ గుర్తుచేసుకుంది. అడిగింది. అడిగిందా? అడిగింది. "ఏమన్నా తిన్నారా, తాగారా?" అంటే ఆవిడ భర్త వెంకటసుబ్బారావు గారు "ఏం లేదమ్మా" అన్నారు. అన్నారా? లేక రోజూ అందరూ అనే మాట కాబట్టి అన్నట్టు అనిపిస్తోందా? లోపల ఆవిడ ఊపిరి మిషను మీద ఉంది. దీవెన ఊపిరి ఎక్కడుందో దీవెనకే తెలీదు. మావయ్యకి ఫోను చేసింది.

ఆయన వచ్చేసరికి మాణిక్యమ్మ గారి పెద్దకొడుకు జయకృష్ణ కూడా వచ్చాడు. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టు అతనిది. వెంట మెకానిక్కులు, ఒకళ్ళిద్దరి చేతుల్లో పానాలు.

"నర్సేది? బయటికి పిలవండి! అద్దాలు పగిలితేగానీ మాట్లాడరా మీరు?"

దీవెన మందుల గది తలుపు వెనక నక్కింది. మావయ్య నేరుగా జయకృష్ణ దగ్గరికే వెళ్ళారు. "వందనాలండీ. నేను లాయర్ని. ఆ నర్సుకి మేనమామని, కాబట్టి మీ కేసు నేను పట్టకూడదు. కానీ ఎలా వేయాలో చెబుతా, కూర్చోండి."

దీవెన తలుపు సందులోంచి వింటూనే ఉంది. ఈయన వచ్చింది తనమీద కేసు వేయించడానికా!

"అద్దం పగిలిందంటే మీ కేసు అక్కడే పగిలింది బాబూ, ముద్దాయి మీరవుతారు. పానా లోపల పెట్టించండి. ప్రాణం మీదకి వచ్చినంత మాత్రాన నిర్లక్ష్యం అనరు. చెయ్యాల్సింది చెయ్యలేదని చూపించాలి, దానివల్లే ఇలా జరిగిందనీ చూపించాలి. ఇంకో డాక్టరు చూసి చెప్పాలి. దానికి బోలెడు టైముంది, రేపో ఎల్లుండో అయిపోదు. ఇప్పుడు చెప్పండి, పొద్దున అమ్మగారి పక్కన ఎవరెవరున్నారు? ఎక్కడ కూర్చున్నారు? కుర్చీయా, బెంచీయా?"

బెంచీ దగ్గర మొదలైన విచారణ ఫ్యాను దాకా వెళ్ళింది. ఓ మెకానిక్కు ఆవలించాడు. ఇంకోడు టీకి పోయాడు. జయకృష్ణ గొంతు తగ్గి, తగ్గి, "మా అమ్మ బతుకుద్దాండీ?" దగ్గర ఆగింది.

"లోపల చూస్తూనే ఉన్నారు బాబూ. ప్రార్థన చేసుకోండి" అని ఎలీషా గారు వరండా మూలకి నడిచారు. వెంకటసుబ్బారావు గారు ఒళ్ళో తువ్వాలు కప్పిన ఫ్లాస్కు పెట్టుకుని కూర్చునున్నారు. ఎవరడిగినా ఆయన ఆ ఫ్లాస్కు వదలట్లేదు.

"పెద్దాయనా, ఇంకా ఉందాండీ కాఫీ?"

ముసలాయన ఫ్లాస్కుని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. "అర గ్లాసేనండీ ఇచ్చింది. పొద్దున్నే కాఫీ పడకపోతే దానికి తల పగిలిపోద్ది. వట్టి కడుపుతో కత్తి కింద ఎట్టా పడుకోబెడతానండీ?"

తలుపు వెనక దీవెన ఒక్క ఉదుటున బయటికొచ్చింది. అడిగింది! తను అడిగింది! అరవబోతే మావయ్య చెయ్యి పట్టుకున్నారు.

"ముందు డాక్టరు గారికి చెప్పి రావాలి, పదండి పెద్దాయనా. లోపలికేం పోయిందో వాళ్ళకి తెలియాలి. కొడుక్కి మాత్రం ఇప్పుడే వద్దు."

"నా ఉద్యోగం మావయ్యా!"

"పోతే ఇంకోటి వెతుకుదామే. పెళ్ళాం ఆ స్థితిలో ఉండగా, కొడుకు ముందు ఈయన తల ఇవాళ వాలిందంటే మళ్ళీ లేవదు."

డాక్టరుతో చెప్పి వచ్చాక జయకృష్ణే అడిగాడు, "లాయరు గారూ, ఇంతకీ ఎవరి నిర్లక్ష్యమండీ?"

పులుసునీ తలుపునీ కూడా వదలని మనిషి అటు చూశారు, ఇటు చూశారు. "తెలీదు బాబూ" అన్నారు. దీవెన ఎరిగినంతలో ఆయన చెప్పిన మొదటి అబద్ధం అది.

ఆ రాత్రి దీవెన కన్ను మూయలేదు. మర్నాడు మధ్యాహ్నం గొట్టం తీశారు. మాణిక్యమ్మ గారు బొంగురు గొంతుతో మొగుణ్ణి వెతుక్కుని, కొడుకుని చూసి అన్నారు: "నాన్ననేమనకురా. కాఫీ నేనే అడిగా. ఇవ్వకపోతే ఆపరేషనే వద్దన్నా."

జయకృష్ణ చెవులు ఎర్రబడ్డాయి. తండ్రి పక్కన కూర్చుని, ఆ ఫ్లాస్కు తన ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత దీవెన దగ్గరికొచ్చి, "ఏమనుకోకు చెల్లెమ్మా" అన్నాడు. మేనేజరు ఎటో చూస్తూ డ్యూటీకి రమ్మన్నాడు.

కబురు విని వచ్చిన ఎలీషా గారు సంతోషంగా గుమ్మం దాటబోయి, తుడిచిన తడినేల మీద జర్రున జారి కూలబడ్డారు. తుడిచినావిడ తడిగుడ్డ వదిలేసి బిక్కచచ్చిపోయింది. మెకానిక్కులతో సహా అందరూ ఊపిరి బిగబట్టారు.

ఆయన నడుము పట్టుకుని లేచి, ఆవిడ వైపు చూసి, "నాదేనమ్మా" అన్నారు.

దీవెన మాత్రం మావయ్య ఆ రోజు కాఫీ సంగతి దాచడాన్ని ఇప్పటికీ ఒప్పుకోదు. తనైతే అప్పుడే వరండాలో అరిచి చెప్పేసేదట. మరి మీరైతే ఏం చేసేవాళ్ళండీ?