నడవని మోటారు బేరం

రజాకార్ల కాలంలో మా మెదక్‌లో మనసులో మాట పైకి చెప్పే అలవాటు ఎవరికీ ఉండేది కాదు. బజారులో ఎవరైనా "బాగున్నరా" అని పలకరిస్తే, అడిగినవాడు ఎవరి మనిషో తేలేదాకా బాగున్నామని చెప్పడానికి కూడా జంకేవాళ్లం. నేను చెప్పబోయే పొరపాటు ఆ జంకులోనుంచి పుట్టిందే.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. మామ దగ్గర మోటారు పని నేర్చుకుంటున్నాను (నేర్చుకుంటున్నానని మామ అనుకునేవాడు). మామ హైదరాబాదులో ఒక జాగీర్దారు దగ్గర డ్రైవరుగా చేసి మానుకున్నప్పుడు, ఆ జాగీర్దారు తనకు మొహంమొత్తిన రేసు మోటారును ఇనాముగా ఇచ్చాడు. ఎర్రరంగు, పొడుగాటి ముక్కు, రెండే సీట్లు. టాపు లేదు, పరదా కట్టే వీలు లేదు, కనుక ఘోషా పాటించే ఇళ్లవాళ్లెవరూ దాని వంక చూడలేదు. పైగా రేడియేటరు కారేది, క్లచ్చు జారేది, ఇంజనుకు నిప్పురవ్వ అందించే మాగ్నెటో ఎప్పుడో చచ్చిపోయింది. అది మా వాకిట్లో రెండేళ్లుగా ఎండకు ఎండుతూ ఉంది.

అమ్మక తప్పని అవసరం అత్తమ్మ వల్ల వచ్చింది. ఆమెకు ఏడో నెల. ఊళ్లో రోజుకో భయంకరమైన కబురు. షోలాపురంలో ఉన్న వాళ్లన్న ఇంటికి ఆమెను సరిహద్దు దాటించాలి. దారిలో ఎన్ని చేతులు తడపాలో లెక్కలేదు, మామ చేతిలో చూస్తే ఏమీ లేదు.

అలాంటప్పుడు ఎల్దుర్తి పటేలు వచ్చాడు. బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "నడుస్తదా?" అన్నాడు మెల్లగా. మామ సిగ్గుపడి, "జర రిపేరుంది పటేలా. పదిహేను దినాలు టైమియ్యుండ్రి, గుర్రం లెక్క ఉరికిస్త" అన్నాడు. పటేలు ఎదురుగా ఉన్న చాయ్ హోటలు వైపు చూశాడు. అక్కడ రజాకార్ల ఖాకీ చొక్కాలు కూర్చుని ఉన్నాయి. "పర్వలేదు... తొందరేం లేదు..." అని గొణిగి వెళ్లిపోయాడు. పెద్దమనిషి నిరాశను మర్యాదగా దాచుకున్నాడని మేమిద్దరం తీర్మానించాం.

ఆ పదిహేను రోజులు నేను నిద్రపోలేదంటే అబద్ధం, బండి కిందనే నిద్రపోయాను. మాగ్నెటోకు కొత్త తీగ చుట్టాం, రేడియేటరుకు మాటు వేశాం. పెట్రోలు అత్తరు కంటే కరువు. సీసాడు సంపాదించి, కల్లు ముంతలో పోసి తెచ్చాను. దారిలో ఒకాయన వాసన పట్టి, "గిదేం కల్లురా అయ్యా!" అని దూరం జరిగాడు.

పటేలు మళ్లీ వచ్చినరోజు మామ హ్యాండిలు తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజను గర్జించింది. చర్చి కాంపౌండులో పావురాలన్నీ లేచాయి. నా జీవితంలో నేను బాగుచేసిన మొదటి వస్తువు అది. గర్వంగా పటేలు వైపు చూశాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బంద్ జెయ్యి! బంద్ జెయ్యుండ్రి మీ పాడుగాను!"

ఇంట్లోకి తీసుకుపోయి నీళ్లిచ్చాక నోరు విప్పాడు. "టేక్మాల్ల మా తోడల్లుని మోటరు నడిచేది. నడిచిందని ఖాకీలోళ్లు పట్కపోయిండ్రు. ఇగ వాని వాకిట్ల మోటరు లేదు. నా వాకిట్ల ఉండాలె. నడువనిదైతే ఎవ్వడు ముట్టడు. గందుకే గద నీ తాన్కి వచ్చింది!"

"గా మాట మొదలే చెప్పొద్దా పటేలా?" అన్నాడు మామ నీరసంగా.

"చాయ్ హోటలు ముంగట నిలవడి ఎట్ల జెప్పాలె?"

మాగ్నెటో ఊడదీసి ఇస్తానన్నాను. పటేలు తల అడ్డంగా ఊపాడు. "ఊడదీసింది మల్ల పెడ్తరు పిలగా. వాళ్లకు మెకానిక్‌లు లేరా? మల్ల లేవకుంట చెయ్యి."

లోపలి గదినుంచి అత్తమ్మ దగ్గు వినపడింది. మామ వాకిట్లోకి నడిచి, పెద్ద సుత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వే కొట్టురా. నాతోని గాదు" అని గోడవైపు తిరిగాడు. నాలుగో దెబ్బకు ఇంజను దిమ్మ పగిలింది. నూనె నా కాళ్ల మీదుగా కారింది. అదే సాయంత్రం పటేలు పైకం మామ చేతిలో పెట్టాడు. జోడెద్దులు కట్టి బండిని ఎల్దుర్తికి లాక్కుపోయారు. వారం తిరక్కముందే అత్తమ్మ షోలాపురం చేరింది.

తర్వాత పోలీసు చర్య జరిగింది, ఖాకీ చొక్కాలు మాయమయ్యాయి. అత్తమ్మకు ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చి మామ అటు వెళ్లాడు. ఇటు పటేలు నాకోసం ఎడ్ల కచ్చడం పంపాడు. "చెడగొట్టినోడివి నువ్వే గద పిలగా, ఇగ బాగజెయ్యి. ఇప్పుడెవ్వడు తీస్కపోడు" అన్నాడు సంబరంగా.

బానెట్టు ఎత్తి చాలాసేపు చూశాను. పగిలిన దిమ్మ అతకదని చెప్పాను. ఆయన కోప్పడలేదు. చొక్కా సర్దుకుని, ఎక్కి పక్క సీట్లో కూర్చున్నాడు.

"పోనియ్యి."

"యాడికి పటేలా?"

"యాడికైనా. అడిగేటోడు లేడుగద."

అలసిపోయిన ఇద్దరం ఆ కదలని బండిలో అలా ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. పంతొమ్మిదేళ్లవాణ్ణి, మోటారు పని తెలిసినవాణ్ణి, నేను స్టీరింగు నిజంగానే తిప్పాను. ఒక మలుపు దగ్గర హారను కూడా కొట్టాను. పటేలు "మెల్లగ, మెల్లగ" అన్నాడు.