మట్టి లేని పెరడు

కిషన్‌బాగ్‌లో మా పక్కిల్లు షౌకత్ బీది. మోకాళ్ల నొప్పులకు ఆమె చేసే గోలీల కోసం బార్కస్ నుంచి కూడా మనుషులు వచ్చేవారు. వాటిలో ముష్టి గింజలు పడతాయి. అవి విషం. రోజూ పాలు మారుస్తూ నానబెట్టి, పొట్టు తీసి, నేతిలో వేయించాకే మందు అవుతాయి. బడి మానేశాక ఆ పొట్టు తీసే పని నాకు దొరికింది.

విషం దిగిన పాలైనా సరే, మురికినీళ్ల మోరీలో పోయడం ఆమెకు గునా, పాపం. పెరట్లో జామచెట్టు దగ్గర గుంత తీసి, పోసి, మట్టి కప్పేది.

ఇల్లు బాగుచేయించినప్పుడు ఆమె భర్త షఫీఉద్దీన్ చెట్టు కొట్టించి పెరడంతా సిమెంటు వేయించాడు. "నీ మట్టికాళ్లతోని ఇల్లంత ఖరాబైతుంది" అని నవ్వాడు. అప్పట్నుంచి ఆమె ఆ పాలను గిన్నెలో మూతపెట్టి ఉంచి, తీరిక చూసుకుని బయటి ఖాళీ జాగాకు తీసుకెళ్లేది.

ఆ పొద్దున షౌకత్ బీ వాకిట్లో ఎవరికో గోలీలు ఇస్తోంది. జల్‌పల్లి నుంచి వచ్చిన ఆడబిడ్డ జైనబ్ ఆ గిన్నె మూత తీసి, అన్నకు చాయ్ పెట్టింది.

"గింత చేదుందేంది? నీ భాభీ గోలీలు గిట్ల కలిపినవా?" అన్నాడు ఆయన.

"భాభీ చేతి చాయ్ తప్ప నీకు ఏది నచ్చుతది, భాయ్‌జాన్?" అంటూ జైనబ్ ఇంకో చెంచా చక్కెర వేసింది.

చెల్లెలు నొచ్చుకుంటుందని ఆయన మొత్తం తాగేశాడు.

షౌకత్ బీ లోపలికొచ్చి ఖాళీ గిన్నె చూసింది. "ఇందుల పాలేవి?"

"చాయ్ పెట్టిన. గవే ఉండె."

కాసేపటికే ఆయన మెడ బిగుసుకుపోయింది. ఆటో కోసం గేటు తీస్తే ఆ చప్పుడుకే ఒళ్లంతా విల్లులా వంగింది. ఆయన తల ఒళ్లో పెట్టుకుని, "హారన్ కొట్టకు బేటా" అని షౌకత్ బీ ఆటో అతన్ని బతిమాలింది. అతను కొట్టలేదు. రోడ్డు మీద మిగిలిన వాళ్లందరూ కొట్టారు. ఆసుపత్రి చేరేలోపే ఆయన పోయాడు.

ఇప్పుడామె గోలీలు చేయదు. పెరట్లో ఒక మూల సిమెంటు పగలగొట్టించి, జానెడు మట్టి బయటికి తెచ్చింది. రోజూ పొద్దున అక్కడ గ్లాసెడు మంచి పాలు పోస్తుంది. తలుపులు చప్పుడు కాకుండా వేస్తుంది. గిన్నెల కింద గుడ్డ పరుస్తుంది.

నిన్న నా చేతిలోంచి స్టీలు గ్లాసు జారి సిమెంటు మీద పడింది. ఆమె నావైపు చూడలేదు. గబగబా లోపలికెళ్లి, ఆయన ఖాళీ మంచాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుంది.