వెళ్లిందా, వెళ్లాల్సిందా

నేను ఇంగ్లీషు టీచర్నవుతానని చిన్నప్పుడు ఎవరైనా అని ఉంటే మా ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. విజయనగరం దగ్గర పల్లెలో తెలుగు మీడియంలో చదువుకున్నదాన్ని. పెళ్లయ్యాక, ఇనుప గనిలో పనిచేసే మా ఆయన వెంట రాష్ట్రం దాటి కిరందుల్ వచ్చాను. క్వార్టర్ల దగ్గరున్న చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పడానికని చేరాను. ఇంగ్లీషు చెప్పే ఆవిడ మధ్యలో మానేయడంతో ఆరో తరగతి ఇంగ్లీషు నా మెడకు చుట్టుకుంది.

మా క్లాసు పిల్లలు ఇళ్లల్లో హల్బీ, గోండీ, తెలుగు, హిందీ, ఎవరి భాష వాళ్లు మాట్లాడతారు. ఇంగ్లీషులో చేసే తప్పు మాత్రం అందరిదీ ఒకటే. ‘డిడ్ హి వెంట్?’ అంటారు. “అయిపోయిన పని అని డిడ్ చెప్పేసింది కదా, మళ్లీ వెంట్ ఎందుకు? గో చాలు” అని హిందీలో నచ్చజెప్పేదాన్ని. తలలూపేవాళ్లు. మర్నాడు మళ్లీ అదే పాట. నాకు మాత్రం గొప్పగా వచ్చిందా? పుస్తకం ముందుంటే వచ్చే ఇంగ్లీషే నాది. ఎదుటి మనిషి ఇంగ్లీషులో మాట్లాడితే క్రియలన్నీ ఒక్కసారిగా వచ్చి గొంతులో ఇరుక్కునేవి.

మా అమ్మాయి జగదల్‌పూర్‌లో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. పోయిన వానాకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి, “అమ్మా, రేపు పొద్దుటి బస్సుకి వచ్చేస్తున్నా. చేపల పులుసు చెయ్యి” అంది. మర్నాడు వాన విడవకుండా కురుస్తోంది. మా ఆయన మొదటి షిఫ్టుకి కొండ మీది గనికెళ్లారు. డ్యూటీలో ఆయన ఫోన్ ఎత్తరు. నేను చింతపండు నానబెట్టి, ఉల్లిపాయలు తరుగుతున్నాను.

పక్క క్వార్టరు ఆవిడ గొడుగైనా లేకుండా తడుస్తూ వచ్చింది. ఆమెది ఎర్రబోరు అనే ఊరు. దోర్లీ, హల్బీ, హిందీ, తెలుగు ఏదైనా గలగలా మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది.

“టీచరమ్మా, బిడ్డ ఇయ్యాల వస్తనన్నదా?”

“అవును, పొద్దుటి బస్సుకి. ఏం?”

“గీదంల ఉన్న మా తమ్ముడు ఫోన్ జేసిండు. జగదల్‌పూర్ బస్సు వాగులకు జారిందంట. ఏ బస్సో ఎరక లేదు. నువ్వు భయపడకు. బిడ్డకు ఫోన్ జెయ్యి ముందు.”

చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను. అదే మాట హిందీలో, అదే గొంతు. ఉల్లిపాయల వల్లనో దేనివల్లనో కళ్లు కనబడలేదు. ఆమే నన్ను ఆపి, “హాస్టల్ల పెద్దమ్మ లేదా? ఆమెకు జెయ్యి” అంది.

హాస్టల్ వార్డెను కేరళ ఆవిడ. తెలుగు రాదు, హిందీ అంతంతమాత్రం. ఎప్పుడు మాట్లాడాల్సి వచ్చినా ఆమెతో మా అమ్మాయే మాట్లాడేది. ఆమె ఫోన్ ఎత్తింది. అక్కడా వానే కాబోలు, లైను తెగుతూ అతుకుతూ ఉంది.

“మేడమ్, మై డాటర్...” అన్నాను. మిగతాది రాలేదు.

“యెస్, యెస్. షి వాజ్...” మాట తెగింది. మళ్లీ అతికింది. “...దట్ బస్.”

వాజ్. క్లాసులో ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో ఆ ముక్క. ఈజ్ అంటే ఉంది. వాజ్ అంటే ఉండేది. అప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. స్టవ్ గట్టు పట్టుకున్నాను.

“ఏందమ్మా? ఏమంటాంది? చెప్పరాదు!” పక్కింటావిడ నా భుజం కుదుపుతోంది.

ఎక్కడి నుంచి వచ్చిందో గొంతు, “మేడమ్, డిడ్ షి వెంట్? డిడ్ షి వెంట్?” అని అరిచాను.

“నో, నో! షి డిడ్ నాట్ గో!” ఈసారి ఆమె గొంతు గంటలా వినబడింది. “షి వాజ్ టు గో. ఫీవర్. ఐ స్టాప్డ్ హర్. షి ఈజ్ స్లీపింగ్.”

ఒక్కొక్క ముక్కా తెలుగులోకి మారుతూ నాలోకి దిగింది. వెళ్లలేదు. వెళ్లాల్సింది. జ్వరం. నేనే ఆపాను. నిద్రపోతోంది.

“నిద్రపోతోందట” అన్నాను, ఆమె వైపు తిరిగి. “జ్వరమట. బస్సెక్కలేదట.”

ఆమె వంటింటి నేల మీదే కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. “ఆ జ్వరానికి దండం బెట్టాలె తల్లీ!”

ఇద్దరం నవ్వాం, ఏడ్చాం. కానీ ఆ సంతోషం నాకే ఎబ్బెట్టుగా ఉంది. ఆ బస్సులో ఇంకెవరి పిల్లలో ఉన్నారు కదా. మధ్యాహ్నానికి ఆమె తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. వాగులో నీళ్లు మోకాలి లోతేనట, అందరినీ బయటికి లాగారట. చేతులూ కాళ్లూ విరిగినవాళ్లున్నారు గానీ ఎవరి ప్రాణాలూ పోలేదు. అప్పుడు గానీ నేను గుండెల నిండా ఊపిరి పీల్చుకోలేదు.

షిఫ్టు దిగి వచ్చిన మా ఆయనకు టీ ఇచ్చి అంతా చెప్పాను. మా అమ్మాయితో అప్పటికే మాట్లాడాను. ఛార్జింగు పెట్టకుండా పడుకుందట. ఆయన కప్పు కింద పెట్టారు.

“వాజ్ అంటే ఆ బస్సులో ఉన్నట్టే కదేటే?” అన్నారు.

“వాజ్ ఒక్కటే అయితే అంతే. పక్కన టు గో వస్తే వెళ్లాల్సింది అని. హిందీలో జానా థా అంటాం చూడండి, అలాగ.”

“ఇంత చిన్న ముక్కకి అంత తేడా ఏటి?” అంటూ ఆయన కళ్లు ఒత్తుకున్నారు.

ఆదివారం వాన తెరిపిచ్చింది. ఇద్దరం జగదల్‌పూర్ వెళ్లాం. గీదం దాటాక వాగులో ఆ బస్సు ఇంకా పక్కకు ఒరిగే ఉంది. మా ఆయన కిటికీ నుంచి మొహం తిప్పుకున్నారు. నేను మాత్రం కనుమరుగయ్యేదాకా చూశాను.

వార్డెనమ్మకు చెప్పాలని దారంతా ఒక వాక్యం కూర్చుకున్నాను, హావ్ పక్కన క్రియ మూడో రూపం సరిచూసుకుంటూ. తీరా వెళితే ఆవిడ నాకంటే పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, చేతిలో మా అమ్మాయికి గంజి గిన్నె. కూర్చుకున్న వాక్యం ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఆమె రెండు చేతులూ పట్టుకుని “థాంక్యూ” అన్నాను. ఆమె మలయాళంలో ఏదో చెబుతూ నా వీపు నిమిరింది. ఏమందో నాకు తెలియదు. అడగాలనీ అనిపించలేదు.

మా అమ్మాయి జ్వరం తగ్గి నీరసంగా ఉంది. “బస్సు పోయిందని ఆవిడ మీద ఎంత అలిగానో తెలుసా?” అంది సిగ్గుపడుతూ. దాన్ని ఇంటికి తీసుకొస్తుంటే, గీదంలో బస్సు ఆగగానే ఆకలేస్తోందంది. వేడి సమోసాలు కొన్నాం. దానికి ఒకటి చాలంటే వినకుండా ఇంకోటి లాక్కుని తినేసింది. ముందు రోజు నుంచి సరిగ్గా ముద్ద దిగని నేను కూడా, నూనె చేతుల నిండా కారుతున్నా, కడుపునిండా తిన్నాను.