ఆవు మెడలో కిటికీ తాళాలు

మా కొత్తింటి గృహప్రవేశానికి వచ్చినవాళ్లు ఒక్కరూ మిగలకుండా ఏడ్చుకుంటూ బయటికి పరుగెత్తారు. పురోహితుడు కూడా ఏడ్చాడు. గాభరా పడకండి, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఏడుపులన్నిటికీ కారణం నేను, నేను ఏరికోరి కొన్న కిటికీ పిడులు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ మా బంధువులు నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంటారు. మీరూ నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

అప్పటికి నా మీసం ఇంకా నల్లగానే ఉండేది. బుర్రలో తెలివి కూడా తగినంత ఉందని గట్టి నమ్మకం. మా వైపు తిరుమణి చుట్టూ సోలార్ పార్కు వచ్చిన కొత్త రోజులు. మా శనక్కాయ చేను కౌలుకిచ్చేశాం. శనక్కాయ పండిన చోట ఇప్పుడు ఎండ పండుతోంది, వాన కోసం ఆకాశం చూసే పని తప్పింది. ఆ ధైర్యంతోనే పాత మిద్దె పక్కన కొత్త ఇల్లు లేపాను.

మా ఆవిడ సరోజ ఆ ఇంట్లో అడిగింది ఒక్కటే. పాత మిద్దె వంటింటికి కిటికీ లేదు. కంది కట్టెలు, శనక్కాయ పొట్టు పొయ్యిలో వేసి, ఆ పొగంతా కళ్లలో పోసుకుంటూ ఇన్నేళ్లు మాకు సంగటి కెలికి పెట్టింది.

"నాకు పాలరాయి వద్దు, పెద్ద టీవీ వద్దు" అంది. "వంటింట్లో ఒక కిటికీ పెట్టియ్యి. తడి చేత్తో ఇట్లంటే తెరుచుకోవాల. అంతే."

"ఒక కిటికీ ఏందే పిచ్చిదానా? ఇల్లంతా రెండద్దాల కిటికీలు పెట్టిస్తా చూడు!" అన్నాను.

ఆమె ఏం చెప్పిందో, నేను ఏం విన్నానో చూడండి. తడి చెయ్యి అన్న మాట నా చెవి దాకా కూడా రాలేదు.

రెండద్దాల కిటికీ అంటే ఒక అద్దం వెనక ఇంకో అద్దం, మధ్యలో బిగించిన గాలి. ఎండ వేడి రాదు, దుమ్ము రాదు, పక్కింటి మిక్సీ మోత కూడా రాదు. ఊళ్లో అందరినీ పిలిచి మరీ ఇది చెప్పేవాణ్ణి. సరోజ తమ్ముడు ఓబులేసు మాత్రం పుల్ల విరిచినట్టు మాట్లాడేవాడు.

"బావా, మధ్యలో గాలిని బిగించినారంటావు. ఆ గాలికే బయటికి పోను దారి ల్యాకపోతే మన గతేంది?"

"నీకు తెల్దు, ఊరుకో."

"గ్రిల్లన్నా పెట్టించినావా?"

"గ్రిల్లు పెడితే ఆకాశం ముక్కలు ముక్కలుగా కనపడతాది. నాకు నిండుగా కనపడాల."

"నిండుగా కనపడేది నీకే కాదు బావా, దొంగోనికి కూడా!"

ఇదిగో, ఆ మాట ములకర్రలా గుచ్చుకుంది. నిజానికి మా ఇంట్లో దొంగకు దొరికేదేముంది? ఎద్దులు అమ్మేశాం. ఉన్నవల్లా విత్తనం కోసం దాచిన శనక్కాయ మూటలు, మా నాయన వాడిన చిల్లుల గొడుగు. అయినా ఆ దొంగ నా కలలోకి రావడం మొదలుపెట్టాడు. వాడు వెనకనుంచి వస్తాడని పెరటి తలుపే పెట్టించలేదు. కిటికీల తాళాల కోసం ఏకంగా తుమకూరు బస్సెక్కాను.

అంగడాయన బల్ల మీద పిడులు వరసగా పేర్చాడు. ఒకటి తిప్పి చూపిస్తూ, "ఇది మామూలు పిడి సార్. దీన్ని తిప్పితే చట్రంలో పైనా కిందా కొక్కేలు పడతాయి. బయటినుంచి తెరిచేదానికి కాదు. వంటింటికీ పడకింటికీ ఇది చాలు" అన్నాడు.

"దీనికి బీగం యాడుండాది?"

"బీగం ఉండేది ఇది. మూసి ఈ బటన్ నొక్కితే చాలు, బీగం పడిపోతాది. మళ్లీ తెరవాలంటే మాత్రం బీగంచెవి ఉండాల్సిందే."

"అన్నిటికీ ఇదే ఇయ్యి."

"సార్, ఎప్పుడన్నా అవసరం పడుతుంది, ఒక్క కిటికీ అన్నా చేత్తో తెరిచేట్టు ఉండనీండి."

"దొంగోనికి ఆ ఒక్కటి చాలదా?" అన్నాను, పోలీసు ఇన్స్పెక్టరులా కళ్లు చిట్లించి. ఆయన పొట్లం కట్టాడు. మొదటి జత పోతే ఉంటుందని రెండో జత తాళంచెవులు కూడా ఇచ్చాడు. ఆ రెండో జత ఎక్కడైనా పోతుందేమోనని నేను రెండు జతలూ కలిపి ఒకే గుత్తికి తగిలించాను. అవును, మీరు సరిగ్గానే చదివారు.

ఇక ఆవు సంగతి. గృహప్రవేశానికి ముందు ఆవు ఇంట్లోకి అడుగు పెట్టాలి కదా. మా వైపు చేలన్నీ సోలార్ పలకల కింద పోయాక మేపే చోటు లేక చాలామంది ఆవులను అమ్మేసుకున్నారు. కౌలు డబ్బుతో కొత్త ఇళ్లేమో వీధికొకటి లేచాయి. ముహూర్తాలన్నీ ఒకే రోజు, ఆవులేమో కరువు. చివరికి నిడుగల్లు కొండ కింద హనుమక్క అనే ముసలమ్మ దగ్గర గంగి అనే సాధువైన ఆవు ఉందని తెలిసింది. పెండ్లిండ్లకు మేళంవాళ్లను మాట్లాడుకున్నట్టు గంగిని ముందే మాట్లాడుకోవాలి. సామాన్ల ఆటోలో వస్తుంది, ఇంట్లో అడుగు పెడుతుంది, బెల్లం తింటుంది, మళ్లీ ఆటో ఎక్కి ఇంకో ఇంటికి పోతుంది.

సరిగ్గా ఇక్కడే నా తెలివి మొగ్గ తొడిగింది. కిటికీలన్నీ మూసి, బటన్లు నొక్కేసి, తాళంచెవుల గుత్తిని పసుపు దారంతో గంగి మెడలో కట్టాలి. లక్ష్మి తాళాలతో సహా ఇంట్లోకి వస్తుంది. ఆ తర్వాత నేను అందరి ముందూ మంత్రిగారిలా ఒక్కో కిటికీ తెరిచి చూపిస్తాను. ముందురోజే ఇల్లంతా తిరిగి టక్ టక్ అని నొక్కుకుంటూ పోయాను. వంటింటి దగ్గర మాత్రం సరోజ అడ్డం నిలబడింది.

"ఈడ నాకు పని ఉండాది. నేను మూసుకుంటాలే, నువ్వు పో."

పోయాను. ఆమె ముఖంలో ఒక చిన్న నవ్వు ఉందని ఇప్పుడు గుర్తొస్తుంది. అప్పుడు కనపడలేదు.

పొద్దున్నే గంగి వచ్చింది. మెడలో తాళాలు గలగలమంటుంటే ఆడవాళ్లు హారతి పట్టారు. "ఏం ఆలోచనప్పా నాగిరెడ్డిది!" అని ఎవరో అంటే నా ఛాతీ చొక్కాలో పట్టలేదు. గంగి హాలంతా తిరిగి బెల్లం తిని వెళ్లిపోయింది. హోమం మొదలైంది. సరోజ పాలు పొంగించడానికి వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

నెయ్యి పడేకొద్దీ పొగ లేచింది. గాలి బయటినుంచి వాకిట్లోకే ఈడ్చి కొడుతోంది, అందుకని వాకిలి గుండా పొగ పోవడం లేదు. ఇల్లు నిండింది. మొదట పిల్లలు దగ్గారు, తర్వాత పెద్దవాళ్లు. పురోహితుడు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

"నాగిరెడ్డీ, కిటికీలు తెరువప్పా."

"ఇప్పుడే తెరుస్తా స్వామీ" అని నడుము తడుముకున్నాను. చొక్కా జేబు చూశాను.

"ఓబులేసూ! ఆవు యాడ?"

"ఆవా? ఆటో ఎక్కి వెంకటమ్మనహళ్లికి పోయింది. ఆడ ఇంకో గృహప్రవేశం ఉండాదంట. ఏం బావా?"

"దాని మెడలో బీగంచెవులు ఉండాయిరా!"

"రెండో జత?"

"అవీ దాని మెడలోనే."

ఓబులేసు నా ముఖంలోకి చూసిన చూపు ఏ బామ్మర్దీ ఏ బావనూ చూడకూడనిది. ఆటోవాడికి ఫోన్ చేశాడు.

"అన్నా, ఆవు యాడుండాది?"

"పూజలో ఉండాదప్పా" అన్నాడు వాడు.

ఫోన్ ఆ ఇంటాయన చేతికి పోయింది. "ఆ బీగాలు మీవా? మాకెట్ల తెలుస్తాదప్పా! లక్ష్మి తెచ్చిందని దేవుని ముందర పెట్టేసినాం. పూజ నడమ తీస్తే అపశకునమంట. అయినాంక వచ్చి తీస్కపోండి" అని పెట్టేశాడు.

అప్పటికి జనమంతా వాకిట్లోకి వచ్చి కళ్లనీళ్లు కారుస్తూ నిలబడ్డారు. చావింట్లో కూడా అంత నిండుగా ఎవరూ ఏడవరు. నేను పక్కింటి రోకలి తెచ్చి హాలు కిటికీ మీద ఒక్కటిచ్చాను. రోకలి ఎగిరి వెనక్కి వచ్చింది. అద్దం మీద గీత కూడా పడలేదు.

"రాయేసి కొట్టినా పగలదని నువ్వే చెప్పినావు గదా బావా" అన్నాడు ఓబులేసు. "అంగడాయన మోసం చెయ్యల్యా!"

అంతలో ఎవరో ఆడమనిషి అరిచింది. "సరోజ యాడ? సరోజ బయటికి రాల్యా!"

పాలు పొంగకముందు ఆమె పొయ్యి వదిలి రాదు. ఇల్లు కూలినా రాదు. పొగలోకి దూరబోయాను, హాలు సగం కూడా దాటలేక దగ్గుకుంటూ బయటపడ్డాను. రోకలి పట్టుకుని ఇంటి వెనక్కి, వంటింటి కిటికీ దగ్గరికి పరుగెత్తాను.

అద్దంలోంచి సరోజ కనపడింది. "సరోజా! బయటికి రా!" అని గొంతు చించుకున్నాను. పక్కింటి మిక్సీని ఆపిన అద్దం నన్నెందుకు వదులుతుంది? ఆమెకు వినపడలేదు. నన్ను చూసి చెయ్యి నడుము దగ్గరినుంచి మెల్లగా గొంతు దాకా ఎత్తి చూపింది. తర్వాత అరచెయ్యి ఆడించింది. పొగ గొంతు దాకా వచ్చింది, ఇక నా పని అయిపోయింది అంటోందని నాకు అర్థమైంది.

ఇక్కడ మాత్రం కాసేపు నవ్వకండి. ఇన్నేళ్లు పొగ మింగిన మనిషి, ఒకే ఒక్క కిటికీ అడిగింది. దానికి కూడా తాళం వేయించి, ఆ తాళంచెవిని ఆవు మెడలో కట్టి ఊరు దాటించాను. నాకు ఏడుపొచ్చింది. అది పొగవల్ల వచ్చింది కాదు. "నిన్ను చంపుకుంటినే సరోజా" అంటూ రోకలి తలపైకి ఎత్తాను.

కిటికీ తెరుచుకుంది.

తడి చేత్తో, ఇట్లంటే, అట్లా తెరుచుకుంది.

"ఏందయ్యా అది? కొత్తింట్లో తొలి దినమే పెండ్లాం మీదికి రోకలెత్తుకొని వస్తావా?"

ఆమె వెనక వంటిల్లు కడిగిన ముత్యంలా ఉంది. గిన్నెలోంచి పాలు పొంగి తెల్లగా కారుతున్నాయి.

"సరోజా... పొగ... గొంతు దాకా అని చెప్పినావు గదా!"

"పొగని ఎవరు చెప్పినారు? పాలు అంచు దాకా వచ్చినాయి, రవ్వంత ఉండు అన్నా. మంట గాలికి అల్లాడుతాదని ఇంతకుముందే కిటికీ మూసినా. అంతదాకా తెరిచే ఉండె."

"దానికి బీగం..."

"యా బీగం? నువ్వు ఊళ్లో లేని దినం చూసి బిగించేవాళ్లకు చెప్పి మామూలు పిడి పెట్టించుకున్నా. నువ్వు తెచ్చింది గూట్లో ఉండాది. కావాలంటే దొంగోనికియ్యి."

"నాకెందుకు చెప్పలేదే?"

"తడి చేత్తో తెరుచుకోవాలని చెప్పినా గదా. నువ్వు విన్యావా?"

నేను రోకలిని నేలకు ఆనించి దానిమీదే వాలిపోయాను. ఆమె వంటింటి తలుపు తెరిచింది. వాకిట్లోంచి కొట్టే గాలి హాలు దాటి ఆ ఒక్క కిటికీ గుండా పొగనంతా తోసుకుపోయింది. హోమం సవ్యంగా ముగిసింది. చుట్టాలంతా ఇంటి వెనక వరస కట్టి కిటికీలోంచే పొంగిన పాలు అందుకుని తాగారు. వరసలో అందరికంటే ముందు నిలబడింది పురోహితుడే.

తాళంచెవులు మధ్యాహ్నానికి తిరిగొచ్చాయి, పసుపు కుంకుమలు పూసుకుని. అంతటితో అయిపోలేదు. వెంకటమ్మనహళ్లి నుంచి ఆ వార్త ఊరూరా పాకింది. ఇప్పుడు మా చుట్టుపక్కల గృహప్రవేశమంటే ఆవు మెడలో తాళంచెవులు కట్టాల్సిందే. హనుమక్కను అడిగితే, "మా అవ్వల కాలం నుంచి ఉండే ఆచారమప్పా ఇది" అంటుంది. నేను నోరు మూసుకుని బెల్లం అందిస్తాను.

కాబట్టి సూర్యభగవానుడి సాక్షిగా, మాకు కౌలిచ్చేది ఆయనే గనక అంతకంటే పెద్ద సాక్షి మా ఊళ్లో లేడు గనక, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఏ కిటికీకైనా పిడి కొనేముందు దాన్ని తెరిచే చేతిని అడుగుతాను. రెండు జతల తాళంచెవులను ఒకే గుత్తికి తగిలించను. నాలుగు కాళ్ల జీవి మెడలో ఏ తాళమూ కట్టను.

ఇది సరోజకు చదివి వినిపించాను. అంతా విని, "బాగుండాది గానీ ముందు ఆ హాలు కిటికీ తెరువు, ఉక్కపోస్తాండాది" అంది.

లేచి, నడుము తడుముకున్నాను. జేబు చూసుకున్నాను. ఆమె నవ్వుతూ కొంగు ముడి విప్పి తాళంచెవులు నా చేతిలో పెట్టింది.