వీరగల్లు చదివిన టీచరమ్మ

పోయిన సోమవారం పొద్దున స్టూడియో షట్టర్ ఎత్తుతుండగా మా చరిత్ర సంఘంలోని మెడికల్ షాపు మిత్రుడు ఫోన్ చేశాడు. "అన్నా, టీచరమ్మ పోయింది. తెల్లారంగ, దవాఖానల్నే" అన్నాడు. సగం ఎత్తిన షట్టర్ మళ్లీ దించేసి బయల్దేరాను.

గద్వాలలో ఆమె దగ్గర సాంఘికశాస్త్రం చదువుకున్నవాళ్లు లేని వీధి ఉండదు. నేను ఆమె బడిలో చదవలేదు. పెండ్లిళ్లకు ఫోటోలు తీసుకుని బతికేవాణ్ణి. ఆమె రిటైరైన కొత్తలో ఒకరోజు స్టూడియోకి వచ్చింది.

"నీ తాన మంచి కెమెరా ఉందట. ఒక పెద్దమనిషి ఫోటో తియ్యాలె, వస్తవా?"

"ఈడికే తోల్కరాండ్రి టీచరమ్మా."

"రాడు. కదలడు. గని ఒక్కటి మంచిగుంటది, కండ్లు మూయడు."

ఆ పెద్దమనిషి అమరచింత దారిలో ఒక కంచె పక్కన ఒరిగిపోయిన శాసనం. ఆ రోజు మధ్యాహ్నపు ఎండలో ఆమె గొడుగు పట్టింది ఆ రాయికే, అక్షరాల మీద ఎండ తళుక్కుమనకుండా. నేను మాడిపోయాను.

మా చరిత్ర సంఘం అట్లా మొదలైంది. ఆమె, నేను, మెడికల్ షాపు మిత్రుడు, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి దిగిపోయిన ఒకాయన, తర్వాత ఇంకొందరు. ఆదివారం వస్తే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెలన్నీ తిరిగేవాళ్లం. పాత జిల్లాను విడదీశాక, ఇక మన జిల్లా వరకే చూసుకుందామని ఎవరో అంటే ఆమె నవ్వేసింది. "జిల్లాలు మనం పంచుకున్నం. రాళ్లకు ఎవలు చెప్పిన్రు?"

ఆమెది నేతవాళ్ల ఇల్లు. చిన్నప్పుడు తండ్రి మగ్గం పక్కన కూర్చుని తెగిన పోగులు అతికేదట. అరిగిపోయిన అక్షరం కంటికి ఆనకపోతే కళ్లద్దాలు తీసేసి, కళ్లు మూసుకుని వేలితో తడిమేది. "తెగిన పోగు కంటికి దొరకదు, ఏలికి దొరుకుతది" అనేది. ఎవరి చేనులో అడుగుపెట్టాలన్నా ముందు వాళ్లను అడగాల్సిందే. వాళ్లు పెట్టిన జొన్నరొట్టె తినందే కదిలేది కాదు. మేం తొందరపడితే మందలించేది. "రాయి ఏడికి పోదు, మనిషే పోతడు. ముందుగాల మనిషితోని మాట్లాడు."

ఆ మాటకు ఎంత బలముందో మల్దకల్ దగ్గరి ఒక ఊళ్లో చూశాను. అక్కడ ఒక రైతు చేనులో వీరగల్లు ఉంది. పోరాడి ప్రాణం విడిచినవాడి గుర్తుగా వెనకటివాళ్లు నిలబెట్టే రాయి అది. పైన కత్తి పట్టిన మనిషి బొమ్మ, కింద కొంత రాత. దాని కింద బంగారం ఉందని ఎవరో పుకారు పుట్టించారు. ఇక గుప్తనిధుల కోసం తిరిగేవాళ్లు దొంగచాటుగా వచ్చి చుట్టూ తవ్విపోవడం మొదలైంది. వేరుశనగ పైరు పాడైంది. ఆ గుంతల్లోనే ఒకదాంట్లో పడి రైతు ఎద్దు కాలు దెబ్బతింది. దాంతో అతను విసిగిపోయి, రాయినే లేకుండా చేస్తానని రాళ్లు కొట్టేవాళ్లను పిలిపించుకున్నాడు. కబురు తెలిసి మేం వెళ్లేసరికి వాళ్లు బండిలోంచి సమ్మెటలు దింపుతున్నారు. కింద ఏం బయటపడుతుందో చూద్దామని సగం ఊరు అక్కడే ఉంది.

మా డ్రైవరన్న చట్టం సంగతి ఎత్తబోయాడు. టీచరమ్మ చేత్తోనే ఆపి, నేరుగా రైతు దగ్గరికి పోయింది.

"ఎద్దు ఎట్లుందయ్యా?"

ఆ ప్రశ్న అతను అనుకోనిది. "ఏముంటది టీచరమ్మా, లేస్తలేదు. ఈ రాయి నా కొంప ముంచింది."

"రాయి ముంచలె. కింద సొమ్ముందన్న మాట ముంచింది. పగలగొడితే గా మాటనే పగలగొట్టాలె. జర ఆగు, ఇదేం చెప్తుందో చదువుత. అంత విన్నంక గూడ కొట్టాలనిపిస్తే కొట్టు, నేను అడ్డం రాను."

నేను సమ్మెటల వైపు చూశాను. ఆమె మాటంటే మాటే, అడ్డం రానంటే రాదు. ఆమె ముఖంలో మాత్రం బెదురు లేదు.

రాయి కడిగి, తడికాగితం పరిచి, అది అక్షరాల గాట్లలోకి దిగేలా కుంచెతో తట్టి, పైన సిరా అద్దాం. నల్లటి కాగితం మీద తెల్లగా అక్షరాలు తేలాయి. ఆమె ఒక్కో మాటా పైకి చదివి, అర్థం చెప్పింది. ఊరి ఆవులను దొంగలు తోలుకుపోతుంటే ఒకడు ఎదురుపోయాడు. ఆవులు తిరిగొచ్చాయి, అతను రాలేదు. ఊరంతా కలిసి ఈ రాయి నిలిపింది. పేరున్న చోట పెచ్చు లేచిపోయింది.

"ఎవలోల్ల పిలగాడమ్మా? ఏ కులమోడు?" అని ఒక ముసలవ్వ అడిగింది.

"రాయిల కులం రాయలె అవ్వా. ఈ ఊరోడు అని రాసిన్రు. ఈడ సొమ్ము పాతిపెట్టలె, మీ మనిషిని నిలబెట్టిన్రు."

రైతు రాయి దగ్గరికి పోయి, ఆ బొమ్మ ముఖం మీది మట్టిని తువ్వాలతో తుడిచాడు. "పసుల కోసం పోయిండా" అన్నాడు మెల్లగా. అటు తిరిగి, "సమ్మెటలు మల్ల బండ్లె ఎయ్యుండ్రి" అన్నాడు.

ఆ సాయంత్రమే ఊరివాళ్లు గుంతలు పూడ్చారు. తవ్వేవాళ్లు ఇంకోసారి వస్తే ఆ ముసలవ్వే ముందు కేక పెట్టిందట. ఊరంతా కలిసి వాళ్లను పట్టుకుని ఠాణాలో అప్పగించింది. ఎద్దు కూడా కొన్నాళ్లకు కుంటుకుంటూనే లేచి నిలబడింది.

దవాఖానలో చివరిసారి చూడబోయినప్పుడు ఆమె మంచం మీద నుంచే మమ్మల్ని దబాయించింది. "ఆదివారం నేను లేనని ఇండ్లల్ల కూసోకుండ్రి. సంఘం నా కోసం పెట్టలె."

కూర్చోలేదు. నిన్న ఆదివారం అందరం కలిసి ఆ ఊరికే వెళ్లాం. కబురు చెప్పగానే రైతు గట్టు మీద కూలబడ్డాడు. "ముందుగాల ఎద్దు సంగతే అడిగింది" అని మాత్రం అన్నాడు. కాసేపటికి లేచి, మమ్మల్ని చేనులోకి తీసుకుపోయాడు.

వాన పడిన నేల అప్పుడే దున్ని ఉంది. చాళ్లు తూర్పు నుంచి తిన్నగా వచ్చి, వీరగల్లు దగ్గర రెండుగా చీలి, దాన్ని చుట్టి, అవతల మళ్లీ కలిసి గట్టు దాకా సాగిపోయాయి.