పెద్దేముల్ కందిచేను దాకా

నా భర్త విమానం కూలిన చోటికి వెళ్లాలని ఆర్నెల్లుగా అనుకుంటూనే వాయిదా వేశాను. ఆయన విమానం నడపడం నేర్పేవారు. పెద్దేముల్ వైపున్న ఒక చిన్న ప్రైవేటు రన్‌వే నుంచి విద్యార్థితో పైకి లేచిన కాసేపటికే ఇంజిన్ ఆగిపోయి, రెండు సీట్ల విమానం కందిచేనులో పడింది. విద్యార్థి కాలు విరిగి బయటపడ్డాడు. ఈయన ఆసుపత్రి చేరకముందే పోయారు. అంబులెన్స్ వచ్చేదాకా మానెమ్మ అనే కూలీ ఆయన పక్కనే కూర్చుందని ఆ విద్యార్థి చెప్పాడు. చివరికి ఆయన ఏమన్నారో ఆమెను అడగాలి.

ఉదయం ఏడింటికి లింగంపల్లిలో రైలెక్కాను. అది వికారాబాద్ దాకానే. అక్కడ తాండూరు బండి కోసం చాలాసేపు కూర్చున్నాను. వెళ్లేవాళ్లు నేరుగా పోయే బండి చూసుకుంటే మంచిది. ఇడ్లీ కొని సగం వదిలేశాను. ధారూర్‌లో ఎక్కిన పెద్దాయన పలకరించాడు.

"యాడికి పోతున్నవమ్మా?"

"పెద్దేముల్."

"గా విమానం పడ్డ కాడనా! మస్తు మంది చూడొచ్చిండ్రు అప్పుడు."

నేను కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాను.

తాండూరులో షేర్ ఆటో నిండేదాకా కదలలేదు. బండల లారీల వెనక దుమ్ము తింటూ పెద్దేముల్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మానెమ్మ ఇల్లు అడగ్గానే చూపించారు. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. నేనెవరో చెప్పగానే చెప్పులేసుకుని చేనుకు తీసుకెళ్లింది. కంది ఎప్పుడో కోసేశారు. దున్నిన మట్టి తప్ప అక్కడేమీ లేదు.

"ఏమన్నారు ఆయన?" అన్నాను.

"ఎండ మొకమ్మీద కొడ్తుందన్నడు. కొంగు అడ్డం పట్టిన."

"తర్వాత?"

"నీళ్లడిగిండు." ఆమె గట్టు మీద కూర్చుంది. "చెంబు నా చేతిలనే ఉండెనమ్మా. లోపల దెబ్బలుంటయ్, ఇయ్యొద్దని అందరన్నరు. కొంగు తడిపి పెదాలు తుడిచిన, గంతే. మళ్ల మాట్లాడలే. గప్పటిసంది నీళ్లు తాగుదామంటే గా సారే యాదికొస్తడు."

ఆయన చివరి మాటల్లో నా పేరు, మా అమ్మాయి పేరు ఉంటాయని ఇంత దూరం వచ్చాను. రెండూ లేవు. నీళ్లిచ్చినా ఆయన బతికేవారు కాదని, ఇవ్వకపోవడమే మంచిదని చెప్పాను. ఆమె తల ఊపింది కానీ, నమ్మినట్టు లేదు.

తిరిగి వాళ్లింటికి వచ్చాక, "దాహంగా ఉంది, నీళ్లియ్యి మానెమ్మా" అన్నాను. చెంబు నింపి తెచ్చింది. ఆమె చూస్తుండగా ఆఖరి చుక్క దాకా తాగాను. ఆమె గడపలో కూలబడి ఏడ్చింది. పక్కన కూర్చున్నాను.

సాయంత్రం తాండూరులో రైలెక్కితే నిలబడే చోటు కూడా లేదు. కన్నడం మాట్లాడే ఒకావిడ జరిగి సీటిచ్చింది. ఒళ్లంతా నొప్పులు. చూడటానికి ఏమీ లేని చోటే, అయినా ఎప్పుడో వెళ్లవలసింది. వికారాబాద్ దాటాక హాస్టల్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది.

"నాన్న ఏమన్నారట?"

"ఎండగా ఉందన్నారట."

"మరి?"

"ఆమె కొంగు అడ్డం పట్టిందట" అన్నాను.