శారదమ్మ ఒప్పుకున్న మందు

ఎమ్మిగనూరులో చీర అంచు చూసి, ఇది శారదమ్మ మగ్గం మీది చీర అని చెప్పేవాళ్లున్నారు. పెళ్లికి ముందే మగ్గం గుంటలోకి దిగిన మనిషి, యాభైకి దగ్గర పడ్డాక గానీ నేత మానలేదు. అదీ తనంతట తాను మానలేదు. కుడి డొక్కలో నొప్పి పట్టుకుంది. తిండి సయించక చిక్కిపోయింది. ఆదోనిలో స్కానింగ్ తీస్తే కాలేయంలో గడ్డ కనిపించింది. హైదరాబాదు ఆసుపత్రిలో క్యాన్సరని తేల్చారు. ఎప్పుడో ఒంట్లో చేరిన హెపటైటిస్-బి ఆమెకు తెలియకుండానే కాలేయాన్ని పాడుచేసిందట. కోసి తీసే దశ దాటిపోయింది. మాత్రలు కొన్నాళ్లు పనిచేసి, తర్వాత పనిచేయడం మానేశాయి.

అప్పుడు డాక్టర్ ఉష ఆమెనూ భర్త మాదన్ననూ కూర్చోబెట్టి ఒక కొత్త వైద్యం గురించి చెప్పింది. గడ్డ పెరగాలంటే రక్తం కావాలి. అందుకే అది తన చుట్టూ కొత్త రక్తనాళాలు పుట్టించుకుంటుంది. వాటిని పుట్టనివ్వని ప్రోటీన్ ఒకటుంది. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును, హాని చేయకుండా మార్చిన వైరస్‌లో పెట్టి ఒంట్లోకి ఎక్కిస్తారు. ఆపైన కాలేయమే ఆ ప్రోటీన్‌ను తయారుచేసుకోవాలి. జంతువుల్లో పనిచేసింది గానీ, మనుషుల్లో ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

"నాకు నయమైతాదా?" అని అడిగింది శారదమ్మ.

"చెప్పలేనమ్మా. మనిషి ఎంత మోతాదు తట్టుకోగలడో ముందు తెలుసుకోవాలి. మీకు మేలు జరగకపోవచ్చు, కీడే జరగొచ్చు. మీరు వద్దన్నా మీకు చేసే వైద్యం మాత్రం ఆపం."

ఇంటికొచ్చాక ఆమె అన్న భీమప్ప మండిపడ్డాడు. ఆసుపత్రోళ్లు నిన్ను ప్రయోగాల ఎలుకను చేస్తాండారు, పోవద్దన్నాడు.

"ఎలుకను ఎవురూ అడగరు గదన్నా. నన్ను అడిగినారు," అంది శారదమ్మ. "నాకు పనిచేయకున్నా, నా తర్వాత వచ్చేవాళ్లకు ఎంత ఇయ్యల్లో తెలుస్తాది."

మరుసటి వారం భార్యాభర్తలిద్దరూ ఆదోనిలో రైలెక్కారు.

మందు ఎక్కించిన సాయంత్రమే జ్వరమొచ్చింది. వణుకుతో పళ్లు కొట్టుకున్నాయి. మాదన్న పరుగెత్తి నర్సును పిలుచుకొచ్చాడు. జ్వరం తగ్గాక రక్తపరీక్షలు, స్కానింగులు, నెలనెలా రైలు ప్రయాణం. మొదటి స్కానింగులో ఏ మార్పూ లేదు. తర్వాతి దాంట్లో గడ్డకు అందే రక్తం తగ్గింది. ఆ తర్వాత ఏడాది గడిచినా గడ్డ పెరగలేదు. పోయిందని మాత్రం డాక్టరు ఒక్కసారీ అనలేదు. ఆమె తట్టుకుంది కాబట్టి తర్వాతివాళ్లకు మోతాదు కొంచెం పెంచుతున్నామని చెప్పింది. ఆ మాట విన్నప్పుడు శారదమ్మ మాదన్న వైపు తిరిగి నవ్వింది.

ఇప్పుడు ఆమె పొద్దున పూట కాసేపు మగ్గం మీద కూర్చుంటోంది. మాదన్న టీ అంగడిలో తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ కూడా, "ఆ మందు మనుషుల్లో మొదట ఎక్కించుకునింది మా ఇంటామె," అని చెబుతున్నాడు. ఆమె కసురుతుంది గానీ, ఆపమని గట్టిగా అనదు. భీమప్ప కూడా ఈమధ్య తన ఊళ్లో అదే మాట చెబుతున్నాడని తెలిసి ఆమెకు కళ్లు చెమర్చాయి.

మొన్న గోనెగండ్ల నుంచి గంగమ్మ అనే కూలి మనిషి వచ్చింది. ఆమెదీ అదే జబ్బు. ముందుగా ఈ మందు ఎక్కించుకున్న మనిషితో మాట్లాడాలని గంగమ్మ అడిగితే, డాక్టరు శారదమ్మ అనుమతి తీసుకుని పంపింది. శారదమ్మ జ్వరం సంగతి, వణుకు సంగతి దాచకుండా చెప్పింది. గడ్డ ఇంకా లోపలే ఉందని కూడా చెప్పింది. ఆలోచించుకుంటానని గంగమ్మ లేచింది.

శారదమ్మ ఆమెతో పాటు బస్టాండు దాకా నడిచింది.

"నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా సరే గానీ, ఈ జబ్బు తెచ్చే హెపటైటిస్-బి ఉందేమో ఇంట్లో అందరికీ రక్తం పరీక్ష చేపియ్యి," అంది. "నేను మా వాళ్లందరికీ చేపిచ్చినాను. పిల్లోళ్లకు టీకా కూడా ఏపిచ్చినాను."

గంగమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, బస్సు కదిలే దాకా వదల్లేదు.